దొంగ యాప్‌కూ సంతకం ఉంటుంది

పాలకీడు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వైపు 'డిజిటల్ సంతకం' సంగతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కంటే ముందు రైతులకే పట్టింది. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మే 10న రైతుబంధు వచ్చింది, పంటకు ఎకరానికి నాలుగు వేల చొప్పున. కొత్త పట్టాదారు పాసుపుస్తకం రావాలంటే ఆన్‌లైన్ రికార్డు మీద తహసీల్దారు డిజిటల్ సంతకం పడాలి. పుస్తకం ఉంటేనే డబ్బు. పాలకీడు అప్పటికి మండలమై రెండేళ్లు కూడా నిండలేదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనప్పుడు నేరేడుచర్ల నుంచి విడదీసిన మండలం అది. "సార్, మాది డిజిటల్ అయిందా?" అని అడగడం, "పార్ట్-బిలో, వివాదాల జాబితాలో, పడ్డది పెద్దయ్యా, ఇంకా సైన్ కాలే" అనిపించుకుని తిరిగి రావడం సాగర్ ఎడమ కాలువ కింద చాలా ఊళ్లకు అలవాటైపోయింది.

ఆ తిరుగుళ్లలో రైతుకు రెండు సంగతులు అర్థమయ్యాయి. సంతకం పడని రికార్డు ప్రభుత్వ కంప్యూటర్ దృష్టిలో లేనట్టే. సంతకం పడినంత మాత్రాన మాత్రం అందులో ఉన్నది నిజమైపోదు. మూడెకరాల పది గుంటల ఆసామికి రెండెకరాల ముప్పై గుంటలే ఎక్కి, దాని మీద శుభ్రంగా డిజిటల్ సంతకం ఉండొచ్చు. రికార్డు మీద సంతకం పెట్టింది ఏ కార్యాలయమో, పెట్టాక ఎవరూ దిద్దలేదని మాత్రమే ఆ సంతకం చెబుతుంది. కొలత సరైనదా కాదా అన్నది దాని పని కాదు.

మొబైల్ యాప్‌ల సంతకాల గురించి చదువుకున్నవాళ్లు కూడా పొరబడేది సరిగ్గా ఇక్కడే. కాబట్టి రైతుకు తెలిసిన రెండో సంగతిని గుర్తుపెట్టుకుని ఫోన్‌లోకి వెళదాం.

వాట్సాప్ గ్రూపులో ఒక ఫైల్ వస్తుంది. పేరు 'పీఎం కిసాన్', చివర 'డాట్ ఏపీకే', అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్. ఒక్కోసారి ట్రాఫిక్ చలాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో, పెళ్లి పత్రిక అనో ఉంటుంది. పంపింది తెలిసిన మనిషే, ఎందుకంటే అతని ఫోన్ అప్పటికే దొంగల చేతిలో పడింది. నొక్కితే ఇన్‌స్టాల్ చేయమంటుంది, తర్వాత ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, బ్యాంకు పంపే ఓటీపీలు మనకంటే ముందు ఇంకొకరు చదువుతారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ ఏపీకే మోసాల గురించి పదే పదే హెచ్చరిస్తోంది. 2024లో క్లౌడ్‌సెక్ అనే భద్రతా సంస్థ నకిలీ చలాన్ యాప్ నడిపిన వియత్నాం ముఠా ఒకదాన్ని పట్టి చూపింది. ఆ ఒక్క యాప్ 4,400కు పైగా ఫోన్లలో దూరిందని, పదహారు లక్షల రూపాయలకు పైగా కాజేసిందని దాని లెక్క.

ఈ దొంగ యాప్‌కు డిజిటల్ సంతకం ఉందా? ఉంది. లేకపోతే ఫోన్‌లోకి ఎక్కనే ఎక్కదు. సంతకం లేని ఏపీకేని ఆండ్రాయిడ్ ఇన్‌స్టాల్ చేయదు, మొదటి నుంచీ అదే నియమం. మరి దొంగకు సంతకం ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు, తనే తయారుచేసుకున్నాడు. అలా చేసుకోవడానికి ఆండ్రాయిడ్ అందరికీ అవకాశం ఇచ్చింది, బ్యాంకులకూ, కోదాడ ఇంజినీరింగ్ విద్యార్థులకూ, దొంగలకూ సమానంగా. ఇది లోపంలా కనిపిస్తుంది. లోపం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. ఎందుకో అర్థం కావాలంటే సంతకం అసలు ఎలా పడుతుందో చూడాలి.

మొదటి మెట్టు వేలిముద్ర. యాప్ ఫైల్ నలభై మెగాబైట్లున్నా నాలుగు వందలున్నా, దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత ప్రక్రియలోంచి పంపితే బయటికి వచ్చేది ఎప్పుడూ 256 బిట్‌లే. కంప్యూటర్ వాళ్లు రాసే పద్ధతిలో 64 అక్షరాలు. ఫైల్‌లో ఒక్క చుక్క మార్చినా ఆ 64 అక్షరాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ఒకే వేలిముద్ర ఉన్న రెండు వేర్వేరు ఫైళ్లను ఈ పద్ధతిలో ఇప్పటిదాకా ఎవరూ చూపించలేకపోయారు. సంతకం పెట్టేది యాప్ మొత్తం మీద కాదు, ఈ వేలిముద్ర మీద.

రెండో మెట్టు తాళాల జత. ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం. రహస్య తాళంతో వేసినదాన్ని బహిరంగ తాళంతో ఎవరైనా సరిచూడవచ్చు. కానీ బహిరంగ తాళం చేతిలో ఉన్నంత మాత్రాన కొత్త సంతకం వేయలేరు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడల్‌మాన్ అనే ముగ్గురు అమెరికాలోని ఎంఐటీలో కనిపెట్టిన పద్ధతి ఇది, వాళ్ల పేర్ల మీదే ఆర్ఎస్ఏ అంటారు. చిన్న అంకెలతో కాగితం మీద చేసి చూడొచ్చు, పదో తరగతి లెక్కలు చాలు.

3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుని గుణిస్తే 33. బహిరంగ తాళం: 33, 3. రహస్య తాళం: 7. ఈ 7 ఎలా వచ్చిందంటే, 3 నుంచి ఒకటి తీసేస్తే 2, 11 నుంచి తీసేస్తే 10, వాటి లబ్ధం 20. మూడుతో గుణించి, ఇరవైతో భాగిస్తే శేషం ఒకటి వచ్చే అంకె 7. ఇప్పుడు మన యాప్ వేలిముద్ర 4 అనుకుందాం. సంతకం పెట్టడమంటే 4ని ఏడుసార్లు గుణించడం: 16,384. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. ఆ 16 సంతకం. ఫోన్ దాన్ని సరిచూస్తుంది: 16ని మూడుసార్లు గుణిస్తే 4,096, 33తో భాగిస్తే శేషం 4. యాప్ వేలిముద్ర కూడా 4. కుదిరింది. మధ్యలో ఎవరైనా యాప్‌ను మార్చితే వేలిముద్ర 5 అవుతుంది, 16 దానికి కుదరదు. కొత్త సంతకం వేయాలంటే 7 కావాలి. 7 కావాలంటే 33ని విడగొట్టాలి.

33ని విడగొట్టడం పిల్లల ఆట. అసలు యాప్‌లలో వాడే సంఖ్య సాధారణంగా 2,048 బిట్‌లు, మన దశాంశ లెక్కలో 617 అంకెల పొడవు. ఇలాంటి సంతకాల కోసం తయారైన సంఖ్యల్లో 2020 ఫిబ్రవరి నాటికి పరిశోధకులు విడగొట్టగలిగిన అతి పెద్దది 250 అంకెలది. దానికే ఒక్క ప్రాసెసర్ కోర్ అయితే 2,700 ఏళ్లు పట్టేంత పనిని వేల యంత్రాలకు పంచాల్సి వచ్చింది. 617 అంకెలకు ఆ లెక్క ఊహకందదు. దొంగ సంతకం చేయడానికి గణితం దారి ఇవ్వదు. దొంగలు వేరే దారి చూసుకుంటారు, ఆ సంగతికి వస్తాను.

తహసీల్దారు సంతకంలోనూ యాప్ సంతకంలోనూ గణితం ఇదే కుటుంబానిది. తేడా మూడో మెట్టులో ఉంది. బహిరంగ తాళం ఫలానా మనిషిదే అని ఎవరు చెబుతారు?

ఆ మాట చెప్పే కాగితమే సర్టిఫికెట్. తహసీల్దారు తాళానికి లైసెన్సున్న ధ్రువీకరణ సంస్థ పూచీ ఇస్తుంది. ఆ సంస్థకు ఢిల్లీలోని కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ పూచీ. 2000 నాటి ఐటీ చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. ఆ లైసెన్సు పొందిన తొలి సంస్థల్లో మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒకటి. రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన సంస్థ. బ్యాంకుల మధ్య లావాదేవీలకు కావలసిన సర్టిఫికెట్లు అక్కడి నుంచే జారీ అయ్యేవి. పై నుంచి కింది దాకా ఒకరి మీద ఒకరి సంతకం, గొలుసులా.

ఆండ్రాయిడ్‌లో ఈ గొలుసు లేదు. ఎవరి సర్టిఫికెట్ మీద వాళ్లే సంతకం చేసుకుంటారు. అందులో పేరు 'భారత ప్రభుత్వం' అని రాసుకున్నా అడిగేవాడు లేడు. మరి ఎందుకీ తంతు? ఆండ్రాయిడ్ ఈ సంతకాన్ని ఒకే ఒక్క ప్రశ్నకు వాడుతుంది: నిన్న వచ్చిన యాప్, ఇవాళ వచ్చిన అప్‌డేట్ ఒకే చేతి నుంచి వచ్చాయా? ఆ చెయ్యి ఎవరిదో దానికి అక్కర్లేదు. మీ ఫోన్‌లో బ్యాంకు అసలు యాప్ ఉందనుకోండి. దొంగ అదే గుర్తింపు పేరుతో (తెర మీది పేరు కాదు, యాప్‌ను ఫోన్ గుర్తుపట్టే లోపలి పేరు) మార్చిన యాప్ పంపితే, సంతకాలు కలవవు కాబట్టి ఆండ్రాయిడ్ దాన్ని లోపలికి రానివ్వదు. మీ బ్యాంకు యాప్ లోపల దాచుకున్న సమాచారం భద్రం. ఈ రక్షణ చాలా గట్టిది, పదిహేనేళ్లకు పైగా పెద్దగా బీటలు వారకుండా నిలిచింది. కానీ దొంగ వేరే గుర్తింపు పేరు పెట్టుకుని, అదే బొమ్మ, అదే పేరు తెర మీద చూపిస్తే? ఆండ్రాయిడ్‌కు అది కొత్త యాప్. సంతకం చెక్కుచెదరలేదు, రమ్మంటుంది. పీఎం కిసాన్ అసలు యాప్ ఫోన్‌లో ఉన్నా లేకపోయినా ఈ నకిలీకి అడ్డం లేదు.

పెద్దగా బీటలు వారలేదన్నాను, అసలు వారలేదనలేదు. 2013లో బ్లూబాక్స్ అనే సంస్థ ఒక తమాషా బయటపెట్టింది. ఏపీకే అంటే లోపల బోలెడు ఫైళ్లున్న జిప్ మూట. ఆ మూటలో ఒకే పేరుతో రెండు ఫైళ్లు పెడితే, సంతకం సరిచూసే భాగం ఒకదాన్ని చదివేది, ఇన్‌స్టాల్ చేసే భాగం ఇంకోదాన్ని తీసుకునేది. గణితం ఎక్కడా ఓడిపోలేదు, గుమస్తాలిద్దరూ వేర్వేరు కాగితాలు చూశారు, అంతే. 2017 డిసెంబరులో జానస్ అనే ఇంకో లోపం బయటపడింది. పాత పద్ధతి మూటలోని ఫైళ్లను విడివిడిగా సరిచూసేది, మూట ముందు ఏదైనా అతికిస్తే పట్టించుకునేది కాదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి మూట మొత్తానికి ఒకే సంతకం వేసే రెండో పద్ధతి ఉంది. జానస్ దాని జోలికి వెళ్లలేకపోయింది. 2018లో ఆండ్రాయిడ్ 9తో మూడో పద్ధతి వచ్చింది, పాత తాళం నుంచి కొత్త తాళానికి మారే సౌకర్యంతో.

తాళం మార్చుకునే సౌకర్యం అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో నాకిప్పటికీ వింతే. ఎందుకంటే యాప్‌లు తయారుచేసేవాళ్ల అసలు కష్టమంతా తాళాలతోనే.

కొత్తగా యాప్ రాసేవాడికి మొదట్లో సంతకం ఉందన్న సంగతే తెలియదు. ఆండ్రాయిడ్ స్టూడియో తనే ఒక డీబగ్ తాళం తయారుచేసి వాడేస్తుంది. దాని పాస్‌వర్డ్ ప్రపంచంలో ఎవరికైనా ఒకటే, 'ఆండ్రాయిడ్' అని. ఆ సంతకంతో ప్లే స్టోర్‌లోకి పోనివ్వరు. అప్పుడు కీస్టోర్ ఫైల్ ఒకటి తయారుచేయాలి, దానికో పాస్‌వర్డ్, లోపలి తాళానికి ఇంకో పాస్‌వర్డ్, కాలపరిమితి కనీసం 25 ఏళ్లు. ప్లే స్టోర్ నియమం ఇంకా వివరంగా ఉంటుంది: సర్టిఫికెట్ గడువు 2033 అక్టోబరు 22 దాటాలి. ఆండ్రాయిడ్ మార్కెట్ తెరుచుకున్నది 2008 అక్టోబరు 22న. సరిగ్గా పాతికేళ్లు. అప్పట్లో అది అనంతకాలంలా కనిపించి ఉంటుంది.

ఆ కీస్టోర్ ఫైల్ చాలా చిన్నది, కొన్ని కిలోబైట్లు. అది పోతే యాప్ పోయినట్టే. హార్డ్ డిస్క్ పాడై, ల్యాప్‌టాప్ మారి, పనిచేసే కుర్రాడు ఉద్యోగం మానేసి కీస్టోర్ పోగొట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. లక్షమంది వాడుతున్న యాప్‌కైనా అప్‌డేట్ ఇవ్వలేరు. కొత్త గుర్తింపు పేరుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, పాత వాడకందార్లందరినీ కొత్తది వేసుకోమని బతిమాలుకోవాలి. గూగుల్ కూడా చేసేదేమీ లేదు, ఆ తాళం దాని దగ్గర లేదు కాబట్టి.

2017లో గూగుల్ దీనికో విరుగుడు తెచ్చింది. అసలు తాళం మా దగ్గర పెట్టండి, మీరు మాకు పంపేటప్పుడు వేరే తాళంతో సంతకం చేయండి, అది పోతే మారుస్తాం అంది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు ఇదే తప్పనిసరి. కీస్టోర్ పోగొట్టుకునేవాళ్లకు ఇది వరమే. కానీ యాప్ రాసినవాడి పేరు మీద పడే సంతకం ఇప్పుడు గూగుల్ చేతిలో ఉంది, కావాలంటే అది యాప్‌ను మార్చి సంతకం చేయగలదు. చేస్తుందని అనడం లేదు. ఇంటి దస్తావేజులు బ్యాంకు లాకర్‌లో పెట్టడానికీ, మేనేజరు బీరువాలో పెట్టడానికీ ఉన్న తేడా ఇదని మాత్రం అంటాను.

ఈ రెండు తాళాల ఏర్పాటు కొత్తవాళ్లను ఇంకో రకంగా ఏడిపిస్తుంది. యాప్‌లో గూగుల్ లాగిన్ పెట్టుకోవాలంటే మన సర్టిఫికెట్ వేలిముద్రను ముందే గూగుల్ దగ్గర నమోదు చేయాలి. విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లోని తాళం వేలిముద్ర నమోదు చేస్తాడు, తన ఫోన్‌లో లాగిన్ చక్కగా పనిచేస్తుంది. ప్లే స్టోర్‌లో పెడతాడు. అక్కడి నుంచి దించుకున్న ఎవరికీ లాగిన్ అవదు, 'ఎర్రర్ 10' అని వస్తుంది. కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రులు గడుస్తాయి. కోడ్‌లో తప్పేమీ ఉండదు. ప్లే స్టోర్ దాటేటప్పుడు గూగుల్ తన దగ్గరున్న తాళంతో మళ్లీ సంతకం చేసింది, ఆ వేలిముద్ర నమోదులో లేదు. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీకి వెళ్లి, అక్కడున్న రెండో వేలిముద్రను కూడా చేర్చితే నిమిషాల్లో తీరిపోయే సమస్య. అమీర్‌పేట కోర్సుల్లో అన్నిటికంటే ముందు చెప్పాల్సిన పాఠం ఇది.

తాళం పోవడం ఒక కష్టం, తాళం ఇంకొకరికి దొరకడం ఇంకో కష్టం, మొదటిదానికంటే పెద్దది. మండల కార్యాలయాల్లో తహసీల్దారు రహస్య తాళం ఒక యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, అక్కడి మాటలో డాంగిల్. లోపలి తాళాన్ని బయటికి కాపీ చేయడం కుదరకుండా దాన్ని తయారుచేస్తారు. చాలా తెలివైన ఏర్పాటు. కానీ డాంగిల్‌ను పిన్ నంబరుతో సహా ఆపరేటర్‌కు ఇచ్చేసి వెళ్తే, ఆ తర్వాత పడే ప్రతి సంతకం గణితం ప్రకారం తహసీల్దారుదే. సరిచూసే కంప్యూటర్ చేతులు చూడదు, తాళం చూస్తుంది. పెద్ద కంపెనీలదీ ఇదే కథ. 2022 డిసెంబరులో గూగుల్ ఆండ్రాయిడ్ భద్రతా బృందం బయటపెట్టిన విషయం: శాంసంగ్, ఎల్‌జీ, మీడియాటెక్ లాంటి కంపెనీల ప్లాట్‌ఫామ్ తాళాలతో సంతకం చేసిన దొంగ యాప్‌లు దొరికాయి. ప్లాట్‌ఫామ్ తాళం అంటే ఫోన్ వ్యవస్థకే సంతకం పెట్టే తాళం. దానితో సంతకం పడిన యాప్‌ను ఫోన్ తన సొంత మనిషిలా చూస్తుంది, మామూలు యాప్‌లకు దొరకని అధికారాలు ఇచ్చేస్తుంది. 617 అంకెల సంఖ్యను విడగొట్టడం ఎవరివల్లా కాలేదు. తాళం ఉన్న గదిలోకి వెళ్లడం ఎవరివల్లో అయింది.

ఐఫోన్ దారి వేరు. అక్కడ గొలుసు ఉంది, దాని పై కొస ఆపిల్. ఏడాదికి 99 డాలర్లు కట్టి నమోదైతేనే ఆపిల్ సర్టిఫికెట్ ఇస్తుంది, అదీ ఏడాదికే. దానితోపాటు ప్రొవిజనింగ్ ప్రొఫైల్ అనే ఇంకో పత్రం: ఈ యాప్, ఈ మనిషి, ఈ ఫోన్లు అని. డబ్బు కట్టకుండా సొంత ఫోన్‌లో వేసి చూసుకుంటే ఏడు రోజులకు యాప్ తెరుచుకోవడం మానేస్తుంది. ప్లే స్టోర్‌లో జీవితకాలానికి 25 డాలర్లు కట్టి మరిచిపోయే మన కుర్రాళ్లకు ఇది చాదస్తంలా ఉంటుంది. కానీ గొలుసు ఉంటే తెంపగలిగే అధికారం కూడా ఉంటుంది. 2019 జనవరి 30న ఆపిల్ ఫేస్‌బుక్ ఎంటర్‌ప్రైజ్ సర్టిఫికెట్‌ను రద్దు చేసింది. ఉద్యోగుల కోసమే ఇచ్చిన ఆ సర్టిఫికెట్‌తో ఫేస్‌బుక్ బయటి జనానికి, పదమూడేళ్ల పిల్లలతో సహా, నెలకు ఇరవై డాలర్ల దాకా ఇచ్చి వాళ్ల ఫోన్ వాడకం గమనించే యాప్ వేసింది. రద్దుతో ఆ యాప్ ఒక్కటే కాదు, ఫేస్‌బుక్ ఆఫీసులో భోజనాల యాప్, బస్సుల యాప్ కూడా ఆగిపోయాయి. మర్నాడు గూగుల్‌కూ అదే జరిగింది. ఒక కంపెనీ ఇంకో కంపెనీ క్యాంటీన్ యాప్‌ను మీట నొక్కి ఆపేయగలగడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు లేదు. ఆ రోజు మాత్రం ఫేస్‌బుక్‌కు తగిన శాస్తే జరిగిందనిపించింది.

గొలుసు మీద నమ్మకం ఎంత నాజూకైనదో మనదేశంలోనే ఒక కేసు ఉంది. 2014 జులై 2న గూగుల్ తన పేరుతో ఉన్న దొంగ సర్టిఫికెట్లను గమనించింది. జారీ చేసింది మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగం. దానికి పూచీ కంట్రోలర్ కార్యాలయం, ఆ కార్యాలయాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ నమ్మేది. అంటే ఆ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాడు గూగుల్‌నని చెప్పుకుంటే విండోస్ కంప్యూటర్ తలూపేది. మర్నాడే కంట్రోలర్ కార్యాలయం ఆ ధ్రువీకరణ విభాగానికి ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఆ తర్వాత క్రోమ్ బ్రౌజర్ మన దేశపు మూల సర్టిఫికెట్‌ను కొన్ని పేర్లకే పరిమితం చేసింది, ప్రభుత్వ, విద్యా సంస్థల చిరునామాలు, మరి కొన్ని. ఆండ్రాయిడ్, ఐఫోన్, ఫైర్‌ఫాక్స్‌లకు ఆ గొడవ అంటలేదు, వాటి నమ్మకస్తుల జాబితాలో మన దేశపు మూల సర్టిఫికెట్ అసలు లేదు.

జాబితాలో లేకపోతే ఏమవుతుందో మీసేవ కేంద్రంలో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరిస్తే కింద సంతకం దగ్గర పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తుంది, చెల్లుబాటు తెలియదని. నకిలీదేమో అని భయపడేవాళ్లున్నారు. గణితం ప్రకారం ఆ సంతకానికి ఏ దోషమూ లేదు. పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్‌కు పూచీదారు పరిచయం లేడు, అంతే. ఒకసారి ఆ సర్టిఫికెట్‌ను నమ్మకస్తుల జాబితాలో చేర్చితే ఆకుపచ్చ టిక్ వస్తుంది. కాగితంలో ఏమీ మారలేదు, చూసేవాడి జాబితా మారింది. (ఆ పీడీఎఫ్‌ను ప్రింటు తీసి జిరాక్సు కొట్టించామంటే డిజిటల్ సంతకం అక్కడితో చచ్చిపోతుంది, దాని బొమ్మ మాత్రం మిగులుతుంది. మన ఆఫీసులు ఇప్పటికీ ఆ బొమ్మనే అడుగుతాయి, రెండు కాపీలు.)

యాప్ తన సర్వర్‌తో మాట్లాడేటప్పుడు కూడా ఇలాంటి గొలుసు సర్టిఫికెట్టే వాడుతుంది. ఇక్కడ యాప్ రాసేవాళ్లు చేసే ఘోరం ఒకటుంది. పరీక్షించేటప్పుడు సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది, దాన్ని పోగొట్టుకోవడానికి నెట్‌లో దొరికిన నాలుగు లైన్ల కోడ్ అతికిస్తారు. ఏ సర్టిఫికెట్ వచ్చినా సరే నమ్ము అని దాని అర్థం. ఎర్రర్ పోతుంది, యాప్ అలాగే జనంలోకి వెళ్తుంది. సంతకం భేషుగ్గా ఉన్న యాప్‌లో దారి దోపిడీకి తలుపు తెరిచి ఉంటుంది. ఈ ఎర్రర్లు ఇకపై తగ్గవు, పెరుగుతాయి కూడా. వెబ్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, మరుసటి ఏడాది 100కు, 2029 మార్చి 15 నాటికి 47 రోజులకు తగ్గించాలని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. చేత్తో మార్చుకుంటూ కూర్చునేవాళ్లు మరిచిపోతారు, యాప్ ఒక ఉదయం పనిచేయదు. యంత్రానికి అప్పజెప్పడం తప్ప గతి లేదు.

దొంగ యాప్‌ల దగ్గరికి మళ్లీ వద్దాం. సంతకం వాటిని ఆపలేదని తేలింది కాబట్టి గూగుల్ వేరే వైపు నుంచి వస్తోంది. 2024 అక్టోబరులో మన దేశంలో ఒక ప్రయోగం ప్రకటించింది: వాట్సాప్, బ్రౌజర్ లాంటి దారుల్లో వచ్చిన యాప్ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి లాంటివి కోరితే ఫోన్‌లోని ప్లే ప్రొటెక్ట్ అనే కాపలా దాన్ని ఇన్‌స్టాల్ కానివ్వదు. ఎవరు సంతకం చేశారన్న ప్రశ్న వదిలేసి, ఏం అడుగుతోందన్న ప్రశ్న పట్టుకుంది. పాసుపుస్తకం మీద సంతకం చూడటం మానేసి కొలతల గొలుసు పట్టుకుని పొలంలో దిగినట్టు. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది. వాడకందారు చేయగలిగిందీ ఇదే: చలాన్ చూపించే యాప్‌కు నా ఎస్ఎంఎస్‌లతో ఏం పని అని అడగడం. ఒకవేళ వేసేశారా, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకొకరి ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు చెప్పాలి. ఎంత ముందు చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

రెండో మార్పు ఇంకా పెద్దది. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది. 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో, 2027 నుంచి మిగతా దేశాల్లో, ప్లే స్టోర్ బయట దొరికే యాప్‌ల తయారీదారులు కూడా తామెవరో నిరూపించుకుని నమోదు కావాలని దాని సారాంశం. లేకపోతే గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ యాప్ మామూలు దారిలో ఎక్కదు. ఎవరి చెయ్యో అక్కర్లేదన్న పాత నిర్ణయం పక్కకు పోతోంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు, ముఖ్యంగా ఎఫ్-డ్రాయిడ్ లాంటి ప్రత్యామ్నాయ భాండాగారాలు నడిపేవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాళ్ల భయం నిజమే, యాప్ రాసే ప్రతివాడూ ఒక అమెరికా కంపెనీకి గుర్తింపు కార్డు చూపించాలి. గూగుల్ కొంత తగ్గి, తెలిసి ప్రమాదం కొని తెచ్చుకునేవాళ్లకు వేరే దారి ఉంచుతామంది. విద్యార్థులకు, సరదాగా రాసుకునేవాళ్లకు కొద్ది ఫోన్లకే పరిమితమైన ఖాతా ఇస్తామంది. దొంగల సంగతి చెప్పాలంటే, అద్దె బ్యాంకు ఖాతాలు సంపాదించినవాళ్లు అద్దె గుర్తింపు కార్డులు సంపాదించలేరని నేను అనుకోను. ఖర్చు మాత్రం పెరుగుతుంది, ఒక యాప్ పట్టుబడితే మర్నాడే ఇంకోటి వదలడం కష్టమవుతుంది.

ఈ నమోదులో చిన్న మెలిక ఒకటుంది. యాప్ గుర్తింపు పేరు నాదే అని చెప్పుకోవడానికి ఆ పేరుకు ఇదివరకు వాడిన రహస్య తాళంతో ఒక ఏపీకే మీద సంతకం చేసి చూపించాలి. ఎప్పుడో కాలేజీలో రాసి, ఊళ్లో నలుగురికి వాట్సాప్‌లో పంపిన యాప్ ఇంకా ఎవరి ఫోన్‌లోనైనా నడుస్తుంటే, పాత ల్యాప్‌టాప్‌ను అమ్మేసే ముందు అందులో 'డాట్ జేకేఎస్' అనే కీస్టోర్ ఫైల్ ఉందేమో వెతికి, దాని పాస్‌వర్డ్ ఏం పెట్టుకున్నారో గుర్తుతెచ్చుకోండి.